పడవలో తేదీలు చూసే పని: నా అనుభవం

మా చిన్నాన్న కొడుకు చెన్నై నుంచి ఫోన్ చేసేటప్పటికి నేను కర్నూలు పాతబస్తీలోని మా మందుల షాపులో కూర్చుని, మూడు నెలల్లో గడువు తీరిపోయే సరుకును అరల్లోంచి తీసి అట్టపెట్టెలో సర్దుతున్నాను. తాను మరో ఇద్దరు మిత్రులతో కలిసి 38 అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నాననీ, మార్చిలో దాన్ని చెన్నై నుంచి విశాఖపట్నం చేర్చాలనీ, నలుగురు మనుషులు కావలసి ఉండగా ముగ్గురే కుదిరారనీ చెప్పాడు. "పడవల సంగతి నాకేం తెలుసురా?" అంటే, "నీకు తేదీలు చూడటం తెలుసు గదన్నా, మాకు కావలసింది అదే" అన్నాడు.

ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "కేసీ కెనాల్లో ఈత నేర్చినోనికి సముద్రం ఎందుకు నాయనా?" అంది. నా భార్య ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత మాత్రం, "మీరు పోయేది ఖాయమైతే, మీకు ఏమన్నా అయితే నేను ఎవరికి ఫోన్ చేయాలో ముందు రాసిపెట్టి పోండి" అంది. తర్వాత నేను నేర్చుకున్న భద్రతా పాఠాలన్నిటిలోనూ అదే మొదటిది అని ఆ రోజు నాకు తెలియదు.

ఆమె అలా అడగటానికి కారణం ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు మీద పడినప్పుడు మేము ఆ రాత్రంతా మిద్దె మీద గడిపాము. షాపులోని సరుకు మొత్తం పోయింది. మర్నాడు తలుపు తీస్తే మాత్రల అట్టలు బురదలో చేపపిల్లల్లా తేలుతున్నాయి. అయితే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది సరుకు కాదు, టార్చిలైటు. కరెంటు పోయిన వేళ, ఏళ్ల తరబడి గోడ మేకుకు తగిలించి ఉన్న టార్చిని దించి మీట నొక్కితే వెలగలేదు. లోపల బ్యాటరీలు కారిపోయి స్ప్రింగు పచ్చగా చిలుము పట్టింది. టార్చి ఇంట్లో ఉందన్న ధైర్యంతో ఉన్న మాకు అసలు టార్చి లేదన్నమాట. ఆ రాత్రి మరో సంగతి కూడా జరిగింది. నీళ్లు నడుము దాకా రాకముందే వీధిలోకి దిగి ఎటో పోదామని నేను తొందరపడితే, పక్కింటి పెద్దాయన నా భుజం పట్టుకుని ఆపి, "మిద్దె నిలబడినంతసేపూ మిద్దె మీదనే ఉండబ్బా" అన్నాడు. ఈ రెండింటినీ పడవ మీద మళ్లీ చూశాను కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

జనవరిలో చెన్నై దగ్గర ఒక శిక్షణ సంస్థలో సముద్రంలో ప్రాణరక్షణ తరగతులకు చేరాను. నాతోపాటు ఉన్నవాళ్లు ఎక్కువమంది ఓడల్లో ఉద్యోగానికి పోబోయే ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు. నేను వాళ్లకు తండ్రి వయసువాణ్ణి. ఈతకొలనులో తలకిందులుగా తేలుతున్న, పడవ మునిగితే ఎక్కే రబ్బరు తెప్ప అయిన లైఫ్‌రాఫ్ట్‌ను తిప్పటం మొదటి పరీక్ష. గ్యాసు సిలిండరు ఉన్న వైపు అంచు మీద కాళ్లు మోపి, అడుగున ఉన్న పట్టీని రెండు చేతులా పట్టుకుని, శరీరం బరువంతా వెనక్కి వాల్చాలి. రాఫ్ట్ లేచి మన మీదే పడుతుంది. ఆ క్షణంలో కంగారుపడకుండా వీపు కిందికి, ముఖం పైకి ఉంచి, దాని అడుగు నుంచి చేతులతో నెట్టుకుంటూ బయటికి రావాలి. రెండుసార్లు నీళ్లు మింగాక మూడోసారి కుదిరింది. సముద్రంలో గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూసుకుని, ఆ గాలి రాఫ్ట్‌ను ఎత్తటానికి సాయపడే వైపు నిలబడాలని బోధకుడు చెప్పాడు గానీ, కొలనులో గాలి లేదు, అది నోటిమాటగానే మిగిలింది.

మందుల షాపువాణ్ణి కాబట్టి నీళ్ల లెక్క నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. రాఫ్ట్ ఎక్కిన వెంటనే అందరూ వాంతి రాకుండా మాత్ర వేసుకోవాలి, ఎందుకంటే ఆ గుడారం లాంటి దానిలో ఊగుతూ ఎంతటి నావికుడైనా కక్కుతాడు, కక్కితే ఒంట్లో నీరు పోతుంది. గాయపడినవాళ్లకు తప్ప మొదటి 24 గంటలు ఎవరికీ నీళ్లు ఇవ్వరు, ఆ తర్వాత మనిషికి రోజుకు అరలీటరు. పెద్ద ఓడల రాఫ్టుల్లో మనిషికి లీటరున్నర చొప్పున నీళ్లు పెట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే. సముద్రపు నీళ్లు తాగకూడదు, వాటిలో ఉప్పు లీటరుకు 35 గ్రాముల దాకా ఉంటుంది. ఆ ఉప్పును బయటికి పంపటానికి మూత్రపిండాలు తాగిన నీళ్లకంటే ఎక్కువ నీళ్లు ఖర్చు చేస్తాయి. ఓఆర్ఎస్ పొట్లాలు అమ్ముకునే నాకు ఈ లెక్క కొత్తది కాదు, దాన్ని నా ఒంటికి అన్వయించుకోవటమే కొత్త.

ఆ తరగతుల్లోనే 1979 ఆగస్టులో జరిగిన ఫాస్ట్‌నెట్ పందెం గురించి విన్నాను. ఇంగ్లండు, ఐర్లండుల మధ్య సముద్రంలో తుఫాను 303 పడవలను పట్టుకుంది. పందెంలో ఉన్న 15 మంది నావికులు చనిపోయారు. 24 పడవలను మనుషులు వదిలేశారు, కానీ మునిగిపోయినవి 5 మాత్రమే. వదిలేసిన తక్కినవి తర్వాత తేలుతూ దొరికాయి. అందువల్ల పడవలోంచి రాఫ్ట్‌లోకి కిందికి దిగకూడదు, పైకి ఎక్కాలి అని నావికులు అంటారు. అంటే పడవ అంచు నీటి మట్టానికి చేరే దాకా దాన్ని వదలకూడదని. నాకు వెంటనే మా పక్కింటి పెద్దాయన చెయ్యి భుజం మీద పడినట్టయింది.

ఫిబ్రవరి మొదటివారంలో పడవ దగ్గరికి వెళ్లాను. మమ్మల్ని నడిపించబోయే కెప్టెన్ గారు నౌకాదళంలో పనిచేసి రిటైరైన విశాఖ మనిషి. మందుల షాపు అని చెప్పగానే నన్ను "డాక్టరు గారూ" అని పిలవటం మొదలుపెట్టారు. ఎన్నిసార్లు కాదన్నా మానలేదు. నాలుగో మనిషి ఆయన మేనల్లుడు, భీమిలి కుర్రాడు, నీళ్లలో పుట్టాడా అన్నట్టు ఈదుతాడు. కెప్టెన్ గారు నా చేతికి ఒక లావుపాటి పుస్తకం ఇచ్చి, పడవలో గడువు ఉన్న ప్రతి వస్తువునూ రాయమన్నారు. షాపులో స్టాకు రాసినట్టే రాశాను. రెండు రోజులు పట్టింది.

లైఫ్ జాకెట్లు నాలుగూ నీళ్లలో పడగానే తమంతట తామే ఉబ్బే రకం. లోపల చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, దాని మూతికి ఎదురుగా స్ప్రింగు బిగించిన సూది, ఆ స్ప్రింగును పట్టుకుని ఉండే ఒక బిళ్ల. బిళ్ల తడిసి కరగగానే సూది సిలిండరును పొడుస్తుంది. బిళ్ల మీద తేదీ ఉంటుంది. సిలిండరు మీద తేదీ ఉండదు, బరువు ముద్ర వేసి ఉంటుంది. వంటింటి డిజిటల్ తక్కెడ తెప్పించి ఒక్కొక్కటీ తూచితే, ఒకటి ముద్రలో ఉన్నదానికంటే ఆరు గ్రాములు తక్కువ తూగింది. పైకి మెరుస్తూ ఉంది, లోపలి గ్యాసు సన్నగా జారిపోయింది. మరొకటి మర వదులై వేళ్లతో తిప్పితేనే ఊడివచ్చింది. అది పొడుచుకున్నా గ్యాసు జాకెట్‌లోకి సరిగా పోదు. నాలుగింటినీ నోటితో ఊది రాత్రంతా వదిలేశాము. తెల్లవారేసరికి మూడు బిగువుగా ఉన్నాయి, నాలుగోది మెత్తబడింది. నాలుగు జాకెట్లు ఉన్నాయనుకున్న పడవలో లెక్కకు తేలినవి ఎన్నో చూసుకుని మా తమ్ముడు మారుమాట్లాడకుండా కొత్తవి కొనటానికి వెళ్లాడు. కొన్నవాటికి కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఉండి తీరాలని కెప్టెన్ గారు పట్టుబట్టారు. ఆ పట్టీ లేకపోతే జాకెట్ తేలుతుంది, మనిషి అందులోంచి కిందికి జారతాడు.

ఆపదలో వెలుగుతోనో పొగతోనో మన ఉనికి తెలిపే ఫ్లేర్ల పెట్టెలో ఉన్నవాటికి గడువు తీరి ఏడాదిన్నర అయింది. ప్యారాచూట్ రాకెట్ సుమారు 300 మీటర్ల ఎత్తుకు పోయి 40 సెకన్లు ఎర్రగా వెలుగుతుంది, చేతిలో పట్టుకునేది ఒక నిమిషం, పొగ డబ్బా మూడు నిమిషాలు. అంటే ఆరు ఫ్లేర్లు ఉన్నా అవి ఇచ్చేది కొన్ని నిమిషాల వెలుగే. అందుచేత ఓడ గానీ విమానం గానీ కంటికి కనిపించినప్పుడో, చప్పుడు వినిపించినప్పుడో తప్ప వాటి జోలికి పోకూడదు. శిక్షణలో చేతి ఫ్లేర్‌ను వెలిగించినప్పుడు, దీపావళి చిచ్చుబుడ్డిని చేతిలో పట్టుకోవటమే కదా అనుకున్నాను; కాలుతున్న ముద్దలు కారి ఇసుకలో పడి చుర్రుమన్నాక, చెయ్యి గాలివాలు వైపు పడవ అంచు దాటి ఎందుకు చాపమంటారో అర్థమైంది. రబ్బరు రాఫ్ట్‌లో ఆ ముద్ద ఒక్కటి చాలు.

లైఫ్‌రాఫ్ట్ డెక్ మీద తెల్లని ఫైబర్ డబ్బాలో ఉంది. దాన్ని పట్టి ఉంచే కట్టుకు హైడ్రోస్టాటిక్ రిలీజ్ అనే అరచేతిలో పట్టే పరికరం ఉంటుంది. పడవ మునిగి నాలుగు మీటర్ల లోతుకు పోయేలోపే నీటి ఒత్తిడికి అందులోని కత్తి తాడును కోస్తుంది, డబ్బా పైకి లేస్తుంది, పడవకు కట్టిన తాడు లాగుడికి రాఫ్ట్ ఉబ్బుతుంది, ఆ తర్వాత కావాలనే బలహీనంగా చేసిన ఒక లంకె తెగి రాఫ్ట్ మునుగుతున్న పడవ నుంచి విడిపోతుంది. దీని ఆయుష్షు బిగించిన నాటి నుంచి రెండేళ్లు. బిగించిన నెలా సంవత్సరమూ దాని మీదే గుర్తు పెట్టాలి. మా దాని మీద ఏ గుర్తూ లేదు. తేదీ లేని మందును నేను అమ్మను, కాబట్టి దాన్ని పనికిరానిదిగా రాశాను. అయితే అంతకంటే పెద్ద తప్పును పట్టుకున్నది కెప్టెన్ గారు. పాత యజమాని తరఫున ఎవరో రాఫ్ట్ తాడును ఆ బలహీనమైన లంకెకు కాకుండా, ఇంకా గట్టిగా ఉంటుందని కాబోలు, నేరుగా డెక్ మీది ఉక్కు కడియానికి బిగించారు. పడవ మునిగితే రాఫ్ట్ ఉబ్బి, దాని వెంటే అడుగుకు పోయేది. తాడు చూస్తే కొత్తది, ముడి చూస్తే అందమైనది. తేదీలు చదవటం వచ్చిన నాకు ఆ ముడిలోని తప్పు కనపడనే లేదు.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ రోజులు తిరిగిన వ్యవహారం ఈపిర్బ్‌ది. పసుపుపచ్చని సీసాలా ఉండే ఈ పరికరం ఆపదలో 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది, కనీసం 48 గంటలు పంపుతూనే ఉండాలి. మా దాని బ్యాటరీకి ఇంకా మూడేళ్ల గడువు ఉంది. పరీక్ష మీట నొక్కితే లైటు సరిగ్గా వెలిగింది. నేను టిక్కు పెట్టబోతుండగా కెప్టెన్ గారు, "అది వెలగటం సరే డాక్టరు గారూ, ఎవరి పేరు చెప్తుందో చూశారా?" అని అడిగారు. ప్రతి ఈపిర్బ్‌కూ 15 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది, అందులోనే అది ఏ దేశానికి చెందినదో ఇమిడి ఉంటుంది. భారతదేశానికి కేటాయించిన సంఖ్య 419. మా పరికరం ఈ పడవ మొదట ఉన్న విదేశపు సంఖ్యతోనే ఉంది. మేము బంగాళాఖాతంలో మునిగి మీట నొక్కితే మేము ఉన్న చోటు తెలుస్తుంది గానీ, వివరాల కోసం ఆ దేశపు రికార్డులు తిప్పి, ఏ యూరప్ పట్టణంలోనో నిద్రపోతున్న పాత యజమానికి ఫోన్ చేస్తారు. పడవ అమ్మేశానని ఆయన చెప్తే, అది పొరపాటు సంకేతమో కాదో తేల్చుకోవటానికి ఎంతసేపు పోతుందో ఊహించుకోవచ్చు. మందు మంచిదే, చీటీ మీద పేరు వేరే రోగిది.

మన దేశంలో ఈ పరికరాలు నమోదు చేసేది బెంగళూరులో ఇస్రో వారి ఉపగ్రహ నియంత్రణ కేంద్రం ఇస్ట్రాక్‌లో ఉన్న ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్. సంకేతాలు అందుకునే భూకేంద్రాలు బెంగళూరులోనూ లక్నోలోనూ ఉన్నాయి. పరికరాన్ని ముందు అధీకృత డీలరు దగ్గరికి పంపి 419తో కొత్త సంఖ్య ఎక్కించాలి, ఆ తర్వాత దరఖాస్తు నింపాలి. పడవ పొడవు, రంగు, తెరచాపల సంఖ్య, ఎక్కబోయేవారి సంఖ్య, రేడియో వివరాలు, వీటితోపాటు ఒడ్డు మీద రాత్రీపగలూ ఫోన్ ఎత్తే మనుషుల నంబర్లు అడుగుతారు. ఆ గడిలో నా భార్య నంబరు రాశాను. డీలరు ఒకసారి పత్రాలు సరిపోలేదని వెనక్కి పంపటంతో మొత్తం పని పూర్తయ్యేసరికి మూడు వారాలు దాటింది, ప్రయాణం వారం వెనక్కి జరిగింది. మా తమ్ముడు విసుక్కుంటే, అది లేకుండా తాను తాడు విప్పనని కెప్టెన్ గారు తేల్చిచెప్పారు.

ఆపదలో పట్టుకుపోయే సంచిని సర్దేటప్పుడు కెప్టెన్ గారు మన నౌకాదళ నావికుడు అభిలాష్ టోమీ సంగతి చెప్పారు. 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఉండగా ఆయన పడవ తురీయ తుఫానులో దొర్లి, తెరచాప స్తంభం విరిగి, ఆయన వెన్నుకు తీవ్రమైన దెబ్బ తగిలింది. కదలలేని స్థితిలో పడవలోనే ఉండి సందేశాలు పంపారు. రెండో శాటిలైట్ ఫోనూ చేతి రేడియోనూ అత్యవసర సంచిలో ఉన్నాయి గానీ, ఆ సంచి ఆయనకు అందలేదు. సెప్టెంబరు 24న ఫ్రాన్సు గస్తీ ఓడ ఒసిరిస్ ఆయనను కాపాడింది. "సంచిలో ఏముందన్నది రెండో ప్రశ్న, నడుము విరిగినవాడికి అందుతుందా అన్నది మొదటి ప్రశ్న" అని కెప్టెన్ గారు మా సంచిని అల్మారాలోంచి తీయించి, మెట్ల కింద, పడుకుని చెయ్యి చాపినా తగిలే చోట తగిలించారు.

నా భార్యకు మాట ఇచ్చినట్టు ఒక కాగితం రాసి ఇచ్చాను. పడవ పేరు, రంగు, బయలుదేరే రోజు, దారి, ఎక్కడెక్కడ ఫోన్ సిగ్నల్ దొరకవచ్చో, చేరవలసిన రోజు, ఏ రోజు ఏ వేళ దాకా కబురు రాకపోతే తీర రక్షక దళానికి 1554 నంబరుకు ఫోన్ చేయాలో అందులో ఉన్నాయి. ఆమె దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి, "ఇది ఒక్కరోజు ఆలస్యమైనా చేస్తాను, తర్వాత నా మీద అరవొద్దు" అంది. అరవనని ఒప్పుకున్నాను.

మార్చి మూడోవారంలో బయలుదేరాము. ఆ నెలల్లో గాలి నైరుతి నుంచి వీస్తుంది, తీరం వెంట నీటి ప్రవాహం కూడా ఉత్తరానికే పారుతుంది, కాబట్టి విశాఖకు పోవటానికి అనువైన కాలం. దూరం సుమారు 330 నాటికల్ మైళ్లు. గంటకు అయిదు మైళ్ల వేగంతో మూడు రోజుల లోపు. హార్బరు దాటగానే కుర్రాడు గంగమ్మకు ఒక టెంకాయ కొట్టాడు. మరో టెంకాయను కెప్టెన్ గారు చేతిలో పట్టుకుని, "ఇది మీ తలకాయ అనుకోండి" అంటూ ఉన్నట్టుండి నీళ్లలోకి విసిరి, "మనిషి పడ్డాడు!" అని కేక వేశారు.

చూపుడు వేలితో దాన్ని చూపిస్తూ ఉండటమే నా పని. కన్ను తిప్పకూడదు, ఇంకే పనీ చేయకూడదు. మా తమ్ముడు రింగు విసిరి, జీపీఎస్ మీద, మనిషి పడిన చోటును గుర్తుపెట్టే ఎర్ర మీట నొక్కాడు. అయిదు మైళ్ల వేగమంటే పడవ నిమిషానికి 150 మీటర్లు పోతుంది. అలలు మీటరు ఎత్తు కూడా లేవు, పట్టపగలు, అయినా పదిహేను సెకన్లలో టెంకాయ ఒక అల వెనక్కి పోయి మళ్లీ కనిపించింది, ఇంకోసారి పోయింది, ఆ తర్వాత నా వేలు ఉత్త నీళ్లనే చూపిస్తోందని నాకు తెలిసిపోయింది. పడవను తిప్పి, గాలికి ఎదురుగా నిలిపి, వెతికితే దొరకటానికి పదకొండు నిమిషాలు పట్టింది. దాన్ని బకెట్‌తో తోడుకున్నాము. టెంకాయ కాబట్టి బకెట్ చాలింది. తడిసిన బట్టలతో, చేతులు చచ్చుబడిన 75 కిలోల మనిషిని మీటరుకు పైగా ఎత్తున్న అంచు మీదికి లాగటం ముగ్గురి వల్ల కాదనీ, అందుకే తెరచాపను ఎత్తే తాడునూ గిరకనూ వాడాలనీ చెప్పి కెప్టెన్ గారు వాటిని అప్పుడే బిగించి చూపించారు. ఆ తర్వాత మనిషిని పడవకు కట్టి ఉంచే టెథర్ అనే పట్టీ గురించి నాకు ఎవరూ మళ్లీ చెప్పవలసిన పని లేకపోయింది. డెక్ మీద ముందు నుంచి వెనుక దాకా చదునైన పట్టీ ఒకటి బిగించి ఉంటుంది, ఒంటికి బిగించుకున్న హార్నెస్ నుంచి వచ్చే టెథర్ కొక్కేన్ని దానికి తగిలించుకుని నడవాలి. గుండ్రటి తీగ అయితే కాలి కింద దొర్లుతుంది కాబట్టి చదును పట్టీ. రాత్రిపూట మెట్ల మీద ఉండగానే కొక్కెం తగిలించి, ఆ చప్పుడు విన్న తర్వాతే పైకి రావాలి. మగవాళ్లు అంచున నిలబడి మూత్రానికి పోవటం పూర్తిగా నిషిద్ధం. నిద్రమత్తులో, ఒక చేత్తో, పడవ ఊగేటప్పుడు అంతకంటే సులువుగా నీళ్లలో పడే మార్గం లేదట.

వాంతులకు నేను ముందురాత్రే మాత్ర వేసుకున్నాను. మా తమ్ముడు నా మాట వినకుండా, కళ్లు తిరగటం మొదలయ్యాక వేసుకుని, మాత్రతో సహా కక్కేశాడు. రెండోరోజు పొద్దున నేను ఉగ్గాని చేశాను. బొరుగులు తేలిక, చెడవు, నానబెట్టడానికి కొద్ది నీళ్లు చాలు, పడవ వంటకు ఇంతకంటే మంచిది లేదని నా గట్టి నమ్మకం. పొయ్యి పడవతోపాటు ఊగకుండా నిటారుగా నిలిచేలా అమర్చి ఉంటుంది గానీ నూనె మాత్రం ఊగుతుంది. తిరగమోత వేశాక సిలిండరు దగ్గర వాల్వు కట్టమని కెప్టెన్ గారు మూడుసార్లు అడిగారు. వంటగ్యాసు గాలికంటే బరువు. ఇంట్లో అయితే కిటికీ తెరిస్తే పోతుంది, పడవలో కారితే అడుగున ఉన్న బిల్జ్‌లో నీళ్లలా నిలిచి, ఇంజను స్టార్టు చేసినప్పుడు వచ్చే ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

మచిలీపట్నానికి బయట 25 మైళ్ల దూరంలో ఉండగా రెండోరాత్రి గాలి పడిపోయింది. ఇంజను మీద పోతున్నాము. నా కాపలా రెండు గంటలకు మొదలైంది. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో ఇంజను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది, పడవ వెనుక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు నిలిచిపోయింది. టార్చి వేస్తే నీలం నైలాను వల, ప్రొపెల్లరు చుట్టూ. అలలు వెనుక భాగాన్ని టపటపా కొడుతున్నాయి. వలను కొక్కెం కర్రతో తప్పిద్దామని నేను వెనక్కి వంగాను. తడి డెక్ మీద కాలు జారింది. పొట్టి టెథర్ మీద ఉన్నాను కాబట్టి నడుము దగ్గర హార్నెస్ బిగిసి, పక్కటెముక అంచు కడ్డీకి తగిలి, అక్కడే కూలబడ్డాను. తల ఒక్కటి బయటికి వేలాడింది. కింద నీళ్లు, వల, నురగ, అన్నీ చెయ్యెత్తు దూరంలో. ఆ నొప్పి నెలరోజులు ఉంది.

కెప్టెన్ గారు పైకి వచ్చి వల వైపు చూడలేదు. నేరుగా ఇంజను మూత తెరిచి, ప్రొపెల్లరు ఇరుసు పడవలోంచి బయటికి పోయే చోట నీళ్లు కారుతున్నాయేమో చూడమని నన్ను పడుకోబెట్టారు. వల లాగుడికి ఇరుసు కదిలితే నీళ్లు వచ్చేది అక్కడి నుంచే. ఇలాంటిది ముందే లెక్క కట్టి ఉన్నాము: నీటి మట్టానికి అరమీటరు కింద నాలుగు సెంటీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి 140 లీటర్ల దాకా లోపలికి వస్తాయి, అంటే దాదాపు తొమ్మిది బిందెలు. పడవ అడుగున ఉన్న ప్రతి గొట్టం పక్కనా దాని కొలతకు సరిపడే మెత్తని కర్రబిరడా తాడుతో కట్టి ఉండటానికి కారణం అదే. ఆ రాత్రి నాకు కనిపించింది చుక్కలు మాత్రమే. గడియారం పెట్టుకుని లెక్కించాను: నిమిషానికి 22. పది నిమిషాల తర్వాత మళ్లీ 22. అంతకుముందు అది నిమిషానికి ఆరు చుక్కలని నా పుస్తకంలో ఉంది. పెరిగింది, కానీ పెరుగుతూ పోవటం లేదు.

మా తమ్ముడు రాఫ్ట్ వైపు చూస్తున్నాడని గమనించి, దాని మీద చెయ్యి వేయవద్దన్నారు కెప్టెన్ గారు. తర్వాత వీహెచ్ఎఫ్ రేడియోలో, ఆపద పిలుపులకు వాడే చానెల్ 16 మీద పాన్-పాన్ అని మూడుసార్లు పలికి, పడవ పేరు, ఉన్న చోటు, కదలలేకపోవటం, నలుగురం క్షేమంగా ఉండటం, ఇవి మాత్రం నింపాదిగా చెప్పారు. మేడే అనేది ప్రాణం మీదికి వచ్చినప్పటి మాట. సాయం కావచ్చుగానీ ప్రాణాపాయం ఇంకా లేదన్నప్పుడు పాన్-పాన్. తొమ్మిది మైళ్ల దూరంలో పోతున్న ఒక సరుకు ఓడ బదులిచ్చి, మాకు దూరంగా దారి మార్చుకుంది, అవసరమైతే కబురు అందిస్తామని చెప్పింది. వీహెచ్ఎఫ్ చూపు మేరకే పోతుంది. స్తంభం కొనన ఏరియల్ ఉండబట్టి ఆ దూరం అందింది. చీకట్లో ఎవరూ నీళ్లలోకి దిగరని కెప్టెన్ గారు తేల్చేశారు. వంతులవారీగా చుక్కలు లెక్కపెడుతూ తెల్లవారే దాకా కూర్చున్నాము.

వెలుతురు రాగానే కుర్రాడు నడుముకు తాడు, తలకు సైకిలు హెల్మెట్ కట్టుకుని దిగాడు. అలకు పడవ అడుగు పైకి లేచి దిగేటప్పుడు తలకు తగిలితే స్పృహ పోతుంది, అందుకు హెల్మెట్. తాడు నా చేతిలో ఉంది. 40 నిమిషాల్లో ఎనిమిదిసార్లు మునిగి వలను కోశాడు. ఈలోగా వల తాలూకు మరబోటు వచ్చింది. మేము తిట్లకు సిద్ధపడ్డాము. బోటు పెద్దాయన చిరిగిన వలను చేతుల్లోకి తీసుకుని చూసి, "దీపం పెట్టలేదు మావోళ్లు, తప్పు మాది కూడానండి" అన్నాడు. నష్టానికి డబ్బు ఇచ్చాము, రెండు చేపలు ఇచ్చాడు. ఇస్రో మత్స్యకారుల కోసం 2010 నుంచి అందిస్తున్న ఆపద సంకేత పరికరం వారి కేబిన్‌లో ఉందా అని అడిగితే, ఉందని పైకి చూపించాడు. దాని బ్యాటరీ తేదీ అడగబోయి ఊరుకున్నాను.

మిగిలిన దారిలో చెప్పుకోదగ్గది లేదు. గోదావరి మొగ దగ్గర చమురు వేదికల దీపాలను చాలా దూరంగా తప్పించుకుని, చుక్కలు 22 దాటలేదని పుస్తకంలో గంటగంటకూ రాసుకుంటూ, నాలుగోరోజు మధ్యాహ్నానికి విశాఖ చేరాము. సిగ్నల్ రాగానే ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య, "మీరు రాసిచ్చిన టైముకు ఇంకా అయిదు గంటలుంది, ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చున్నా" అంది.

ఇప్పుడు రాఫ్ట్ సర్వీసుకు పోయింది, ఇరుసు దగ్గరి సీలు మార్చారు. పడవ పుస్తకం మా తమ్ముడి దగ్గర ఉంది గానీ, దాని తేదీలన్నీ మా షాపు ఎక్స్‌పైరీ రిజిస్టరు ఆఖరి పేజీలో కూడా ఎక్కించుకున్నాను. యాంటీబయాటిక్‌ల కింద లైఫ్ జాకెట్ల బిళ్లలు, ఫ్లేర్లు, ఈపిర్బ్ బ్యాటరీ, హైడ్రోస్టాటిక్ రిలీజ్. షాపులో పనిచేసే పిల్లవాడు మొన్న అది చూసి, "సార్, ఈ కంపెనీ మందులు మన దగ్గర లేవే" అన్నాడు. వాడిని మేకుకు తగిలించిన టార్చి దించి వెలిగించి చూడమన్నాను.